పందొమ్మిది ఇళ్లు

డాక్టరు పద్మనాభయ్య నెల్లూరులో దవడల వైద్యశాల తెరిచిన కొత్తలో జనం నవ్వుకున్నారు. పంటి డాక్టరంటే విన్నాం, కంటి డాక్టరంటే విన్నాం, ఒట్టి దవడకు డాక్టరేమిటని. అది 1959వ సంవత్సరం. ఆయన మద్రాసులో చదివి, అక్కడే ఉండిపొమ్మన్నా వినకుండా వచ్చి, ట్రంకు రోడ్డుకు కాస్త లోపలగా ఒక పెంకుటిల్లు తీసుకుని బోర్డు కట్టాడు. నవ్వినవాళ్లే ఏడాది తిరిగేసరికి తమ ఇంటి ఆడవాళ్లను జట్కాల్లో వెంటబెట్టుకొచ్చారు.

ఆ వైద్యశాలలో మొదటి రోజు నుంచీ పనిచేసిన నర్సు కరుణాకుమారి. ముత్తుకూరు బడిపంతులు జకరయ్య కూతురు. చేరేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. ఆ రోజు డాక్టరు ఆమెకు మొట్టమొదట చూపించింది మందుల బీరువా కాదు, మేజా మీదున్న గాజుజాడీ. దాని నిండా పళ్లు. ఒక్కదానికీ పుచ్చు లేదు. సంతల్లో పళ్లు పీకేవాళ్ల దగ్గర ఆయన అడిగి తెచ్చుకున్నవి. దవడ నొప్పి అని వచ్చిన ప్రతివాడికీ వాళ్లు ఒక పన్ను పీకి పంపించేవాళ్లు. తగ్గలేదని మళ్లీ వస్తే పక్కది పీకేవాళ్లు.

"ఇవన్నీ ఏ తప్పూ చేయకుండా శిక్షపడిన పళ్లు కరుణా" అన్నాడాయన. "అసలు దొంగ ఎక్కడున్నాడో మనం వెతకాల."

వెతకడం ఆయన దగ్గరే నేర్చుకుందామె. చెవికి ముందు, దవడ ఎముక తలకు అతుక్కునే చోట వేలు ఆనించి, నోరు తెరవమని, మూయమని, కీలు కదలికను వేలికొసతో పసిగట్టడం నేర్చుకుంది. మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకుంటే మంచిది. ఒక వేలికే ఆగిపోతే కీలు పట్టేసినట్టు. పల్లెటూరి ఆడవాళ్లు మగడాక్టరును ముఖం మీద చెయ్యి వేయనిచ్చేవాళ్లు కారు. అందుకని ఆ పని కరుణదే అయింది. ఆమె తడిమి చెప్పేది, ఆయన రాసుకునేవాడు. కాపడాలు, మెల్లమెల్లగా నోరు సాగదీసే కసరత్తు, వెనకపళ్ల మధ్య పెట్టుకునే రబ్బరు బిళ్ల, ఇంతే వైద్యం. గంజి తప్ప మరేదీ దిగని వాళ్లు రెండు నెలల్లో వేరుశెనక్కాయలు నమిలారు. నాలుగేళ్లలో అలాంటివాళ్లను వందల మందిని చూసింది కరుణ. ఆదివారం చర్చిలో వినే వాక్యం తర్వాత ఆమె నమ్మింది డాక్టరుగారి మాటే.

అయితే ఆయన చేతికి లొంగని నొప్పి ఒకటుంది. అది కీలుది కాదు, ముఖంలో పాకే నరానిది. ఉన్నట్టుండి ఒక పక్క దవడలో మెరుపులాగా పోటు లేస్తుంది. అమ్మా అనేలోపు పోతుంది, మళ్లీ లేస్తుంది. మాట్లాడినా, నమిలినా, ముఖం కడుక్కున్నా, చల్లగాలి సోకినా అంతే. స్పిరిటు ఎక్కించి ఆ నరాన్ని చంపితే నొప్పితోపాటు సగం ముఖం మొద్దుబారేది, కొన్నాళ్లకు నొప్పి మాత్రం తిరిగొచ్చేది. అలాంటి రోగులను ఊరికే పంపించాల్సి వచ్చినప్పుడు డాక్టరు వీధి గుమ్మం దాకా వాళ్ల వెంట నడిచేవాడు.

ముత్తుకూరులో పిచ్చమ్మకు ఉన్నది ఆ నొప్పే. ఆమె కరుణకు రక్తబంధువు కాదు, ఒక మతం వాళ్లు కూడా కాదు. కరుణకు ఆరేళ్లప్పుడు తల్లి పోతే, తండ్రి వంట చేయలేక అగచాట్లు పడుతుంటే, పక్కవీధి నుంచి వచ్చి పిల్లకు తల దువ్వి, ఇంత ముద్ద పెట్టి బడికి పంపింది పిచ్చమ్మ. ఊరు ఏమనుకున్నా లెక్కచేయలేదు. కరుణ ఆమెను పిన్నమ్మా అని పిలిచేది. పిచ్చమ్మ నాట్ల ముఠాకు పెద్ద. ముప్పై మంది ఆడవాళ్లు ఆమె కేక వేస్తేనే గట్టు దిగేవాళ్లు. అలాంటి మనిషి ఇప్పుడు సముద్రపు గాలి మళ్లితే చాలు, కొంగు ముఖానికి చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంటోంది. అప్పటికే సంతలో ఏడు పళ్లు పీకించుకుంది.

1963 నవంబరులో డాక్టరుకు విదేశం నుంచి ఒక పెట్టె వచ్చింది. ముఖనరం నొప్పికి కొత్తగా కనిపెట్టిన మాత్రలు. ఆయన కళ్లలో అంత వెలుగు కరుణ ఎన్నడూ చూడలేదు. జిల్లాలో ఈ నొప్పి ఉన్నవాళ్లందరినీ వెతికి పట్టుకోమని ఆమెను పంపాడు. నెలన్నర పాటు బస్సుల్లో, ఎడ్లబండ్లలో, పొలం గట్ల మీద కాలినడకన తిరిగిందామె. వెంకటాచలం, సంగం, ముత్తుకూరు, వాటి చుట్టుపక్కల పల్లెలు. ముప్పై ఎనిమిది మంది దొరికారు. ఒక్కొక్కరి ఇంట్లో కూర్చుని, ఈ మందు మంచిది, మా డాక్టరుగారు తెప్పించినారు, రోజుకు మూడు మింగండి, మానకండి అని నచ్చజెప్పింది. కొందరు భయపడ్డారు. పిచ్చమ్మ మాత్రం ఏమీ అడగలేదు.

"నాకు ఆ డాక్టరు యెవురో తెలీదు పాపా. నువ్వు మింగమంటే మింగతా."

సీసాల మీద ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా నంబర్లు వేసి ఇచ్చాడు డాక్టరు. ఎవరి సీసా వాళ్లకే ఇవ్వాలి, మారకూడదు. ఎందుకని అడిగితే, ఎవరెన్ని మింగారో లెక్క తెలియడానికి అన్నాడు. పిచ్చమ్మది ఇరవై ఏడు. నెలనెలా కరుణే తీసుకెళ్లి ఇచ్చేది, నొప్పి ఎలా ఉందో అడిగి రాసుకొచ్చేది.

రెండు వారాలకే అద్భుతాలు మొదలయ్యాయి. వెంకటాచలం చెంచురామయ్య, మూడేళ్లుగా జావ తాగి బతుకుతున్న రైతు, సైకిలు తొక్కుకుంటూ వైద్యశాలకు వచ్చి, జేబులోంచి మురుకు తీసి డాక్టరు ముందు కరకరా నమిలి చూపించాడు. తల కాస్త తిరుగుతోంది గానీ పోటు లేదన్నాడు. అలా ఒకరి వెనక ఒకరు. బాగైన వాళ్లందరూ మొదట్లో తల తిరిగిందనే చెప్పారు. కరుణ అది గమనించింది, రాసింది. అంతకు మించి ఆలోచించలేదు.

పిచ్చమ్మకు తల తిరగలేదు, నొప్పీ తగ్గలేదు. నెల చూశారు, రెండు నెలలు చూశారు. ఆమె ఒళ్లు కరిగిపోయి రవికె భుజాల మీద నుంచి జారసాగింది. నోటి మూల నుంచి గంజి పోసుకునేది. ఎండాకాలం నడిమధ్య ఒక నెల సీసా ఇవ్వడానికి వెళ్లినప్పుడు కరుణకు ఓపిక నశించింది. అందరికీ తగ్గినప్పుడు నీకెందుకు తగ్గదు, నువ్వు వేళకు మింగడం లేదు, ఎక్కడో పారేస్తున్నావు అని గట్టిగా అనేసింది. పిచ్చమ్మ లేచి వెళ్లి సీసా తెచ్చి, మిగిలిన మాత్రలు చాప మీద పోసి లెక్కపెట్టి చూపించింది. ఒక్కటి తేడా లేదు.

"నేను చేసుకున్న పాపం యేందో పాపా. మందు కూడా నన్ను కాదంటా ఉండాది" అన్నది కొంగు చాటు నుంచి.

ఆ తర్వాత కరుణ ఆమె కోసం ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించింది. పిచ్చమ్మ తన దేవుళ్లకు తాను మొక్కుకుంది. అక్టోబరులో నాట్లు వచ్చాయి. ముఠా మరొకామెను పెద్దగా పెట్టుకుని పొలాల్లోకి దిగింది. పిచ్చమ్మ ఆ రోజంతా తలుపు వేసుకుని లోపలే ఉందని కరుణకు తండ్రి చెప్పాడు.

1965 ఫిబ్రవరిలో డాక్టరు మద్రాసు నుంచి వచ్చాడు. అక్కడి వైద్యుల సభలో తన పరిశోధన చదివితే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. దాన్ని అచ్చువేసిన చిన్న పుస్తకం ఒకటి కరుణ చేతికిచ్చి, చివరి పేజీ చూడమన్నాడు. అందులో ఆమె పేరుంది. నర్సు కరుణాకుమారి శ్రద్ధ, నిజాయితీ లేకపోతే ఈ పని సాధ్యమయ్యేది కాదు అని ఇంగ్లీషులో రాశాడు. ఆమెకు ఒళ్లు పులకరించింది. ఆ మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక వరండాలో కూర్చుని, మొదటి పేజీ నుంచి నిదానంగా చదవడం మొదలుపెట్టింది.

నాలుగో పేజీలో ఆగింది. ఆ వాక్యం రెండుసార్లు చదివింది. నర్సు చదువుకు నేర్చుకున్న ఇంగ్లీషు, తప్పుగా అర్థమైందేమోనని మూడోసారి వేలు పెట్టి చదివింది. పందొమ్మిది మందికి మందు ఇవ్వబడింది. పందొమ్మిది మందికి అదే రంగు, అదే ఆకారం, అదే చేదు గల సుద్ద మాత్రలు ఇవ్వబడ్డాయి. ఆ సంగతి రోగులకు గాని, మందు అందించిన నర్సుకు గాని తెలియదు.

కింద పట్టీ ఉంది. అందులో పేర్లు లేవు, నంబర్లే. ఇరవై ఏడు: స్త్రీ, నలభై ఆరేళ్లు. పన్నెండు నెలలకూ నొప్పిలో మార్పు లేదు. ఒక్క మాత్ర కూడా మానలేదు.

ఆమె పుస్తకం పట్టుకుని లోపలికి వెళ్లింది. డాక్టరు ఎవరికో ఉత్తరం రాసుకుంటున్నాడు.

"సుద్ద మాత్రలని నాకెందుకు చెప్పలేదు సార్?"

ఆయన కలం మూత పెట్టాడు. ఈ ప్రశ్న ఎప్పుడో వస్తుందని ఎదురుచూసినవాడిలాగే ఉన్నాడు. కూర్చోమన్నాడు, ఆమె కూర్చోలేదు. ఈ నొప్పి ఒక్కోసారి దానంతటదే తగ్గుతుంది, మనిషికి నమ్మకం కుదిరినా తగ్గుతుంది, మందు వల్లే తగ్గిందని తేల్చాలంటే మందు లేనివాళ్లు కూడా సగం మంది ఉండాలి, లోకంలో ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తున్నారు అని ఓపికగా వివరించాడు. కీలు గురించి, నరం గురించి ఆమెకు నేర్పినప్పుడు ఎంత ఓపికగా చెప్పేవాడో అంత ఓపికగా.

"నీకు ముందే తెలిసుంటే నీ మొహం చూసి వాళ్లు కనిపెట్టేవాళ్లు. నీకు అబద్ధం చెప్పడం రాదు కరుణా. అందుకే నిన్ను పంపినాను."

ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు.

"మందు పనిచేస్తా ఉందని మీకెప్పుడు తెలిసింది సార్?"

"మూడో నెలలోనే తెలిసింది. అయిదో నెలకు సందేహం లేదు."

"మరి ఈ పదమూడు నెలలు?"

ఏడాది నిండకపోతే పెద్దవాళ్లు ఒప్పుకోరన్నాడు డాక్టరు. ఏడాది నిండాక మాత్రం, సభ హడావుడిలో పడి ఆలస్యమైందన్నాడు. ఈ పందొమ్మిది మంది ఓర్చుకున్నందువల్ల రేపు లక్షల మంది బాగుపడతారన్నాడు.

"వాళ్లను అడగలేదు గదా సార్."

"అడిగితే ఎవరు ఒప్పుకుంటారు?"

"పిచ్చమ్మ పిన్నమ్మ ఒప్పుకునుంటాది" అన్నది కరుణ. "నేనడిగుంటే."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బీరువా తెరిచి అసలు మాత్రల సీసాలు బయటపెట్టి, అందరికీ రేపే ఇచ్చిరమ్మన్నాడు. ఇచ్చేటప్పుడు ఇది ఇంకా బలమైన మందని చెప్పమన్నాడు.

ముత్తుకూరు బస్సులో కూర్చున్నంతసేపూ ఆ మాట ఆమెను పీకుతూనే ఉంది. నిజానికి అది సులువు. బలమైన మందు తెచ్చాను పిన్నమ్మా అంటే చాలు. కొద్ది రోజుల్లో నొప్పి పోతుంది, పిచ్చమ్మ తన తల నిమిరి దీవిస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. బస్సు దిగి ఇంటి ముందుకు వెళ్లేదాకా ఏం చెప్పాలో ఆమె తేల్చుకోలేదు. పిచ్చమ్మ గోడవైపు నుంచి కష్టంగా ఇటు తిరిగి, ఎండన పడి వచ్చినావే పాపా, మంచినీళ్లు తాగు అన్నది. అప్పుడు చెప్పేసింది. దాచకుండా మొత్తం చెప్పింది.

పిచ్చమ్మ కొంగులోంచి కళ్లు మాత్రం కనబడేలా కూర్చుని వింది. మధ్యలో రెండుసార్లు పోటు వచ్చింది. రెండుసార్లూ కళ్లు గట్టిగా మూసుకుని, తెరిచి, ఊఁ చెప్పమన్నట్టు చూసింది.

"ఆ డాక్టరు మింద నాకేం కోపం లేదు" అన్నది చివరికి. ఒక్కో మాటకూ ఆగుతూ అన్నది. "ఆయన నాకు యేమవతాడు? నేను మింగింది నీ చేతి మాత్రలు."

"నాకు తెలీదు పిన్నమ్మా."

"తెలుసుకోవాల్సింది గదా. నన్ను తిట్టేటప్పుడన్నా."

కరుణ కొత్త సీసా చాప మీద పెట్టింది. పిచ్చమ్మ దాన్ని చాలాసేపు ముట్టుకోలేదు. నొప్పికి రోషం ఉండదు. మూడోసారి పోటు వచ్చి తగ్గాక చెయ్యి చాపి ఒక మాత్ర తీసుకుని మింగింది.

అయిదో రోజు కరుణ మళ్లీ వెళ్లింది. పిచ్చమ్మ ఇంటి పంచలో, నేరుగా గాలికి ఎదురుగా కూర్చుని, పప్పుచారు అన్నం పెద్ద పెద్ద ముద్దలు చేసుకుని తింటోంది. ముఖం మీద కొంగు లేదు. పదమూడు నెలల తర్వాత ఆ ముఖం పూర్తిగా కనిపించేసరికి కరుణకు కన్నీళ్లు ఆగలేదు. పిచ్చమ్మ చెయ్యి కడుక్కుని లేచి, పీట వాల్చింది.

"కూర్చోండి నర్సమ్మగారూ" అన్నది.

వెటకారం లేదు, కోపం లేదు. బయటి మనిషికి ఇచ్చే మర్యాద ఇచ్చింది. తల కొంచెం తిరుగుతోందని, కడమంతా బాగుందని చెప్పింది. కరుణ కాసేపు పీట చివర కూర్చుని వచ్చేసింది. ఆ తర్వాత పిచ్చమ్మ బతికినన్నాళ్లూ ఆమెను పాపా అని పిలవలేదు.

మిగతా వాళ్లకు కూడా నిజం చెప్పే ఇవ్వాలని కరుణ నిశ్చయించుకుంది. డాక్టరు వద్దనలేదు, ఔననలేదు. ఒక్కో ఇల్లూ తిరిగింది. కొందరికి ఆమె చెప్పింది అర్థమే కాలేదు, మందు వచ్చింది చాలన్నారు. ఒకాయన సీసా తీసుకుని ఆమె ముఖం మీదే తలుపు వేశాడు. ఒక ముసలామె, పోనీలే తల్లీ, నువ్వు మాత్రం ఏం చేస్తావు అని వీపు నిమిరింది. ఆ రోజు కరుణ బస్సు ఎక్కకుండా నాలుగు మైళ్లు నడిచింది.

పందొమ్మిదో ఇల్లు సంగంలో హజరత్తయ్యది. ఆనకట్ట కింద రెండెకరాల మాగాణి సేద్యం చేసుకునే మనిషి. నెల నెలా సీసా అందుకునేటప్పుడు రెండు చేతులూ జోడించేవాడు. పోయిన నెల సీసాను కరుణ ఆ ఊరు వెళ్లే కరణంగారి చేత పంపింది. ఇప్పుడు వెళ్లేసరికి ఇంటి ముందు ఎవరూ లేరు. భార్య వెంకటశేషమ్మ బయటికి వచ్చింది, నుదుట బొట్టు లేదు. ఆయన పోయి ఇరవై రోజులైందన్నది. జ్వరం వచ్చిందట, తిండి లేక చిక్కిపోయిన ఒళ్లు తట్టుకోలేకపోయిందట.

ఆమె లోపలికి వెళ్లి గుడ్డలో చుట్టిన సీసా తెచ్చింది. సగానికి పైగా మాత్రలున్నాయి.

"ఆయనకు ఆయుసు లేదు గానీ మందు మంచిది గదమ్మా. ఇంకెవురికన్నా పనికొస్తాదని యెత్తిపెట్టినా."

కరుణ సీసా అందుకుంది. చెప్పడానికే నోరు తెరిచింది. బతికున్నవాళ్లకు చెబితే మందైనా ఇవ్వగలదు. ఈమెకు ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పి వచ్చేసింది.

మర్నాడు ఆ సీసాను డాక్టరు మేజా మీద పెట్టి, పదకొండో నంబరు పోయినాడు సార్ అన్నది. ఆయన ముఖం పాలిపోయింది. ఆయన పాషాణం కాదు. కాసేపు తల చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన భార్యకు చెప్పావా అని అడిగాడు.

"నా వల్ల కాలేదు. మీరు పోయి చెప్పండి సార్. నేను ఇంక పనికి రాను."

వెళ్తానని మాట ఇచ్చాడు. బీరువా తాళాలు బల్ల మీద పెట్టి కరుణ ముత్తుకూరు వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత నెల్లూరు బజారులో కరణంగారు కనబడి, మీ డాక్టరుగారు ఎంత దొడ్డవాడమ్మా అన్నాడు. కారు వేసుకుని సంగం వచ్చాడట. హజరత్తయ్య ఇంట్లో గంటసేపు కూర్చున్నాడట. ఇలాంటి రోగిని నేను చూడలేదు, చెప్పిన మాట జవదాటలేదు అని మెచ్చుకున్నాడట. వెంకటశేషమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడట. ఇంకేమైనా చెప్పారా అని అడిగింది కరుణ. ఇంకేం చెబుతాడు, అంత పెద్దాయన రావడమే గొప్ప గదా అన్నాడు కరణం.

కొనవలసిన సరుకులు కొనకుండానే ఆమె సంగం బస్సు ఎక్కింది.

వెంకటశేషమ్మ వాకిట్లో వడ్లు ఎండబోస్తోంది. కరుణను చూసి నవ్వుతూ ఎదురొచ్చింది. డాక్టరుగారు వచ్చి వెళ్లిన సంగతి తానే మొదలుపెట్టింది. కరుణ ఆమెను కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, చెప్పింది. సీసాలో ఉన్నదేమిటో, ఎవరికి ఎప్పుడు తెలిసిందో, మొన్న వచ్చిన రోజు తాను ఎందుకు చెప్పలేకపోయిందో.

వెంకటశేషమ్మ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆయనకు చివరి మూడు రోజులు మింగుడు పడలేదమ్మా" అన్నది. "నేనే నూరి, నీళ్లలో కలిపి పోసినా. నోరు తెరిస్తే ప్రాణం పోతా ఉంటే, బతిమాలి తెరిపించినా."

కోళ్లు వడ్ల మీదికి వచ్చాయి. ఇద్దరిలో ఎవరూ వాటిని అదిలించలేదు.